నలభై రెండు నెలల జీతం: చిత్తూరు ఫ్యాక్టరీ గేటు నుంచి లేబర్ కోర్టు దాకా నా అనుభవం

2016 ఆగస్టు 9, మంగళవారం. చిత్తూరు శివార్లలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఏడేళ్ళుగా రోజూ నాకు నమస్కారం పెట్టే వాచ్‌మన్ ఆ రోజు నా సైకిల్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "అన్నా, నిన్ను లోపలికి పంపద్దని చెప్పినారు, నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు. చేతికి కాగితం ఇవ్వలేదు, కారణం చెప్పలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాను. మేనేజరు గారి కారు లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి వచ్చింది, అద్దం మాత్రం దిగలేదు. జూలై జీతం అప్పటికే బ్యాంకులో పడింది. ఆ తరువాతి జీతం కోసం నేను దాదాపు ఆరేళ్ళు తిరిగాను. ఆ తిరుగుడులో ఏ కాగితం నన్ను నిలబెట్టిందో, ఏ మాట రాయకపోతే నా డబ్బు పోయేదో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీల పని తీరు తెలియనివారికి నా కేసులోని అసలు చిక్కు అర్థం కాదు. తోతాపురి కాయ దిగే రోజుల్లో, అంటే ముఖ్యంగా జూన్, జూలై నెలల్లో, లారీలు, ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరి ఉంటాయి. కాయలు ఏరడానికి, కడగడానికి, కోయడానికి వందల మందిని ఆ కొద్ది వారాలకే తీసుకుంటారు. కాయ అయిపోగానే వారు ఇళ్ళకు వెళ్ళిపోతారు. కానీ తయారైన గుజ్జు సంచుల్లో, డ్రమ్ముల్లో సంవత్సరమంతా నిల్వ ఉంటుంది, కంటైనర్లలో చెన్నై ఓడరేవుకు ఏడాది పొడుగునా వెళుతూనే ఉంటుంది. నేను 2009 జూన్ నుంచి ఆ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. డ్రమ్ముల లెక్క, బాయిలర్ విడిభాగాల లెక్క, బయటికి వెళ్ళే ప్రతి లారీ గేట్‌పాస్ మీద సంతకం నా పని. సీజన్ ఉన్నా లేకపోయినా నాకు పని ఉండేది.

ఆ సాయంత్రం బంగారుపాళెం దగ్గర మా ఊరికి వచ్చి చిన్నాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఒకసారి ఉద్యోగం పోగొట్టుకుని, కోర్టు ద్వారానే తిరిగి చేరారు. నేను యూనియన్ వారిని పిలిచి గేటు దగ్గర ధర్నా చేయిస్తానంటే ఆయన తల అడ్డంగా ఊపి, "కోపం ఇంట్లో పెట్టి, కాగితం పోస్టులో ఎయ్యి నాయనా" అన్నారు. పని ఇవ్వకుండా పంపేసినప్పుడు యాజమాన్యం తరువాత చెప్పే మొదటి మాట "మేము తీసెయ్యలేదు, ఆయనే రావడం మానేశాడు" అన్నదేనని, ఆ మాట పుట్టకముందే మన కాగితం వారి చేతిలో ఉండాలని ఆయన వివరించారు.

ఆగస్టు 11న ఎక్నాలెడ్జిమెంటుతో రిజిస్టరు పోస్టు పంపాను. ఫలానా తేదీన ఫలానా సమయానికి డ్యూటీకి వచ్చానని, గేటు దగ్గర ఆపేశారని, నాకు ఏ నోటీసూ ఇవ్వలేదని, ఈ రోజు కూడా పని చేయడానికి సిద్ధంగా ఉన్నానని నాలుగే వాక్యాలు. వారం తరువాత అదే సారాంశంతో రెండవ ఉత్తరం పంపాను. మొదటిదాన్ని సంతకం చేసి తీసుకున్నారు. రెండవదాన్ని తీసుకోవడానికి నిరాకరించారని పోస్ట్‌మన్ కవరు మీద రాసి తిరిగి తెచ్చి ఇచ్చాడు. చిన్నాయన ఆ కవరును చింపనివ్వలేదు. మూడేళ్ళ తరువాత కోర్టులో అది అతుకు విప్పకుండానే నా తరఫు సాక్ష్యంగా నమోదయింది.

తరువాతి మెట్టు కార్మిక శాఖ వారి సమక్షంలో రాజీ ప్రయత్నం. అక్కడ యాజమాన్యం తరఫున వచ్చినవారు మొత్తం సెటిల్‌మెంటు కింద 40,000 రూపాయలు ఇస్తామన్నారు. కూతురి ఇంటర్ ఫీజు కట్టాల్సిన నెల అది. నా చెయ్యి పెన్ను దాకా వెళ్ళిందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. ఆగింది లెక్క వల్ల. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 25-ఎఫ్ సెక్షన్ ప్రకారం, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి ఏ తప్పూ మోపకుండా తొలగించాలంటే ఒక నెల నోటీసు, లేదా దానికి బదులు నెల జీతం ఇవ్వాలి. దానితో పాటు పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు జీతం నష్టపరిహారంగా ఇవ్వాలి. నా చివరి జీతం 11,400 రూపాయలు. నెలకు ముప్ఫై రోజులుగా లెక్కేసినా రోజుకు 380, ఏడేళ్ళకు 105 రోజులు, అంటే 39,900, నోటీసు జీతంతో కలిపి 51,300 రూపాయలు. నన్ను బయటికి పంపిన రోజునే నా చేతిలో పెట్టవలసిన మొత్తం కంటే తక్కువ ఇచ్చి, ఉద్యోగం మీద హక్కు మొత్తం రాసిచ్చేయమంటున్నారని ఆ గుణకారం చూశాక తెలిసింది. పెన్ను జేబులో పెట్టుకున్నాను.

రాజీ కుదరకపోతే ప్రభుత్వం కేసును కోర్టుకు పంపేదాకా ఎదురు చూడాలన్న భయం చాలామందికి ఉంది. ఉద్యోగం నుంచి తొలగించిన కేసుల్లో ఆ అవసరం లేదు. అదే చట్టంలోని 2-ఎ సెక్షన్‌కు 2010లో వచ్చిన సవరణ ప్రకారం, రాజీ అధికారికి అర్జీ పెట్టి 45 రోజులు గడిస్తే కార్మికుడే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్ళగలిగేవాడు. మన రాష్ట్రంలో ఈ నేరు దారి 1987లో చేసుకున్న సవరణతోనే తెరుచుకుంది. చిన్నాయన కోర్టు మెట్లు ఎక్కింది ఆ దారిలోనే. నేను వెళ్ళిననాటికి తొలగించిన తేదీ నుంచి మూడేళ్ళ గడువు ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో వివాదం పుట్టి రెండేళ్ళు దాటితే రాజీ అధికారి దాన్ని చేపట్టడానికి వీలు లేదు. కనుక ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికి సలహాకు వస్తే, వారి కథ వినడానికి ముందు వారిని ఆపిన తేదీ అడుగుతున్నాను.

నా కేసు అనంతపురంలోని లేబర్ కోర్టులో నడిచింది. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే చట్టం, 1987 ప్రకారం, పారిశ్రామిక కార్మికుడు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందవచ్చునన్న సంగతి నాకు చిత్తూరు కోర్టు ఆవరణలోనే తెలిసింది. అలా నాకు ఒక లాయరమ్మ దొరికారు. నేనూ చిన్నాయనా కూర్చుని రాసుకున్న నాలుగు పేజీల క్లెయిమ్‌ను ఆమె మొదటిసారి చదివి పక్కన పెట్టారు. అందులో వాచ్‌మన్ ఉన్నాడు, అద్దం దించని కారు ఉంది, నా ఏడేళ్ళ విశ్వాసం ఉంది. చివర "నన్ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకునేలా ఆదేశించ ప్రార్థన" అని ఉంది. ఆమె అడిగింది ఒకటే ప్రశ్న: "ఇప్పుడు నువ్వు దేనితో బతుకుతున్నావు?"

నాకు చెప్పడానికి నోరు రాలేదు. ఉద్యోగం పోయిన రెండవ నెలలో మా ఆవిడ పుట్టింటివారు ఇచ్చిన ఆవుకు తోడు, అప్పు చేసి ఇంకొక ఆవును కొన్నాము. పాల కేంద్రానికి పోయగా, దాణా, మందుల ఖర్చు పోను నెలకు మూడున్నర నాలుగు వేలు మిగిలేది. ఆ సంగతి కోర్టులో ఎత్తవద్దని, ఎత్తితే పాత జీతం, అంటే నేను బయట ఉన్న కాలపు జీతం, ఒక్క రూపాయి కూడా రాదని ఊళ్ళో కనీసం ముగ్గురు నాకు చెప్పి ఉన్నారు. లాయరమ్మ దానికి పూర్తిగా విరుద్ధంగా చెప్పారు. తొలగింపు చెల్లదని తేలితే ఆ మధ్య కాలపు జీతం కూడా ఇవ్వడమే సాధారణ నియమమని సుప్రీంకోర్టు 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో చెప్పింది. అయితే అది అడగకుండా వచ్చేది కాదు. తనకు వేరే ఉద్యోగం లేదని, లేదా ఉన్నా తక్కువ జీతానికే పనిచేస్తున్నానని కార్మికుడు ముందుగా తన క్లెయిమ్‌లో చెప్పాలి. అలా చెప్పిన తరువాత, ఆయన మునుపటి జీతానికి సమానంగా సంపాదిస్తున్నాడని చూపించే భారం యాజమాన్యం మీద పడుతుంది. ఆ మొదటి మాట మా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. పాత జీతం ఇప్పించాలన్న ప్రార్థన కూడా లేదు. తిరిగి ఉద్యోగం అంటే ఆ జీతం దానంతటదే వస్తుందని మేమిద్దరమూ అనుకున్నాము.

ఆమె రెండు వాక్యాలు చేర్చారు. తొలగించిన నాటి నుంచి నాకు ఎక్కడా ఉద్యోగం లేదని, రెండు ఆవుల పాలు అమ్మి నెలకు సుమారు నాలుగు వేలతో కుటుంబం గడుపుతున్నానని. ప్రార్థనలో సర్వీసు కొనసాగింపు, తొలగించిన తేదీ నుంచి పూర్తి జీతం, ఇతర ప్రయోజనాలు అని విడివిడిగా రాశారు. "దాచినది బయటపడితే నీ ఆవులు కాదు, నీ మాటే పోతుంది" అన్నారు. సంతకం పెట్టేటప్పుడు భయంగానే ఉంది.

ఆ తరువాత రెండేళ్ళకు పైగా వాయిదాలు. రాత్రి బస్సులో మదనపల్లె, కదిరి మీదుగా వెళ్ళి, తెల్లవారి బస్టాండులోనే ముఖం కడుక్కుని కోర్టుకు చేరేవాణ్ణి. ఎన్నోసార్లు ఎదుటి పక్షం వారు గడువు అడిగి వెళ్ళిపోయేవారు.

యాజమాన్యం కౌంటరులో, అంటే నా క్లెయిమ్‌కు ఇచ్చిన జవాబులో, రెండు వాదాలు పెట్టింది. నేను సీజన్ కార్మికుణ్ణని, సీజన్ ముగిసింది కనుక పని ముగిసిందని ఒకటి. నేనే పనికి రావడం మానేశానని రెండవది. పని ముగిసిన మనిషి పనికి రావడం మానేయడం ఎలా సాధ్యమో వారు చెప్పలేదు. అయినా మొదటి వాదం నిజంగా ప్రమాదకరమైనది, ఎందుకంటే 240 రోజులు పనిచేశానని మొదట నిరూపించవలసింది కార్మికుడే. నా దగ్గర ఏడేళ్ళ గేట్‌పాస్‌లలో ఒక్క నకలు కూడా లేదు, అవన్నీ వారి బీరువాలోనే ఉన్నాయి. మస్టర్లు (హాజరు పట్టీలు), స్టోర్స్ గేట్‌పాస్ పుస్తకాలు కోర్టుకు తెప్పించాలని లాయరమ్మ పిటిషన్ వేశారు. వారు సీజన్ కూలీల మస్టరు మాత్రం తెచ్చారు. అందులో నా పేరు లేదు, ఉండదు కూడా. గేట్‌పాస్ పుస్తకాలు దొరకడం లేదన్నారు.

నన్ను ఒడ్డెక్కించింది పీఎఫ్ పాస్‌బుక్. ఏ నెల జీతం మీద ఎంత జమ అయిందో అందులో నెలనెలా ఉంటుంది. తొలగింపుకు ముందరి పన్నెండు నెలల్లో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. డిసెంబరులో, జనవరిలో, మామిడి చెట్టు పూతకు వచ్చే కాలంలో కూడా, ఆ యాజమాన్యమే నా జీతం మీద తన వాటా కట్టింది. ఈఎస్ఐ చందాలదీ అదే వరుస. చేతిలో ఉన్న రికార్డును కోర్టు అడిగినా తేని పక్షానికి వ్యతిరేకంగా నిర్ణయానికి రావచ్చునన్న సూత్రం దీనికి తోడైంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ పాస్‌బుక్‌ను నేను ఏడాదికి ఒకసారైనా తెరిచి చూసి ఎరగను. ఇప్పుడు మా స్టోర్స్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ళ చేత ప్రతి మూడు నెలలకు ఒకసారి ప్రింటు తీయిస్తున్నాను.

2019 వేసవిలో నన్ను క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు. ఎదుటి లాయరు గారు చాలా సేపు తేదీలు అడిగి, చివరికి గొంతు పెంచి, "మీరు పాల వ్యాపారం చేస్తున్న మాట వాస్తవమేనా?" అన్నారు. వారు పాల కేంద్రం నుంచి నా పేరు మీది చెల్లింపుల లెక్క తెప్పించి సిద్ధంగా పెట్టుకున్నారు. నేను "వాస్తవమే, నా క్లెయిమ్‌లో ఆ సంగతి రాశాను" అన్నాను. న్యాయమూర్తి ఫైలు వెనక్కి తిప్పి ఆ పేజీ చూశారు. వారు తెచ్చిన లెక్కలో దాణా ఖర్చు తీయక ముందు మొత్తం ఆరు వేలకు కొంచెం అటూ ఇటూగా ఉంది, ఖర్చు తీస్తే నేను చెప్పిన అంకెకే వచ్చింది. నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టడానికి తెచ్చిన కాగితం నా మాటకే సాక్ష్యమైంది. ఊళ్ళో వారి సలహా విని ఆ రెండు వాక్యాలు రాయకపోయి ఉంటే ఆ గదిలో నా పరిస్థితి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

వారి మేనేజరు గారిని క్రాస్ చేసినప్పుడు లాయరమ్మ అడిగిన ప్రశ్నలు తక్కువే. ఈయన మానేశాడంటున్నారు, తిరిగి రమ్మని ఒక్క ఉత్తరమైనా రాశారా? లేదు. ఛార్జిషీటు ఇచ్చారా, విచారణ జరిపారా? లేదు. పనికి సిద్ధంగా ఉన్నానని ఈయన రాసిన ఉత్తరం అందిందా? అందింది. దానికి జవాబు ఇచ్చారా? లేదు. రావడం మానేశాడన్న పేరుతో, విచారణ లేకుండా కార్మికుణ్ణి తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1993లోనే డి.కె. యాదవ్ కేసులో చెప్పి ఉంది.

2020 ఫిబ్రవరి 7న అవార్డు, అంటే లేబర్ కోర్టు తీర్పు, వచ్చింది. తొలగింపు చెల్లదు, సర్వీసు కొనసాగింపుతో తిరిగి తీసుకోవాలి, పాత జీతంలో 60 శాతం చెల్లించాలి. రోజువారీ కూలీలకు ఉద్యోగానికి బదులు కొంత పరిహారం చాలునన్న తీర్పులు, ముఖ్యంగా సుప్రీంకోర్టు 2013 నాటి భూరుమల్ తీర్పు, చూపించి నన్ను కూడా ఆ కోవలోకి తోయాలని యాజమాన్యం చివరి దాకా ప్రయత్నించింది. నెల జీతం మీద ఏడేళ్ళు నిరంతరంగా పనిచేసిన గుమాస్తాకు ఆ సూత్రం వర్తించదని న్యాయమూర్తి రాశారు. నలభై రెండు నెలలకు 4,78,800 రూపాయలు, అందులో 60 శాతం 2,87,280. పాల ఆదాయాన్ని, నేను పని చేయని కాలమన్న సంగతిని కలిపి చూసి మిగతా 40 శాతం తగ్గించారు.

ఆ తగ్గింపు గురించి నా అభిప్రాయం దాచుకోను. పని చేయని కాలమన్న మాట నాకు రుచించలేదు, గేటు నేను మూయలేదు. పూర్తి జీతమే సాధారణ నియమమని చెప్పిన 1978 నాటి హిందుస్థాన్ టిన్ వర్క్స్ తీర్పులో కూడా చివరికి ఇప్పించింది 75 శాతమేనని, డి.కె. యాదవ్‌కు సగమే వచ్చిందని లాయరమ్మ చెప్పారు. నియమం ఒకటి, చేతికి వచ్చేది ఒకటి, మధ్యలో న్యాయమూర్తి విచక్షణ. మిగతా 40 శాతం కోసం మనమే హైకోర్టుకు వెళ్దామా అని అడిగారు. ఇంట్లో మాట్లాడుకుని వద్దనుకున్నాము.

కానీ యాజమాన్యం వెళ్ళింది. లాక్‌డౌన్ సడలిన తరువాత, ఆగస్టులో హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, అవార్డు అమలు ఆపేలా స్టే తెచ్చుకుంది. పాత జీతంలో సగం, 1,43,640 రూపాయలు, జమ చేయాలన్న షరతుతో ఆ స్టే వచ్చింది. ఇక్కడ అందరికీ తెలియవలసిన హక్కు ఆ పాత చట్టంలోని 17-బి సెక్షన్‌ది. తిరిగి తీసుకోమన్న అవార్డు మీద యాజమాన్యం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, ఆ కేసు నడిచినంత కాలం కార్మికుడికి చివరి జీతం నెలనెలా ఇవ్వాలి. ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయడం లేదని అఫిడవిట్ వేయడం ఒక్కటే మన వంతు. 2021 జనవరిలో ఆ ఆర్డరు వచ్చింది. ఆగస్టు నుంచి లెక్కకట్టి ఇచ్చారు, ఆపైన ప్రతి నెలా 11,400 పడింది. కరోనా కాలంలో మా ఇల్లు నిలిచింది ఆ డబ్బు మీదే. 2022 జూన్‌లో రిట్ కొట్టేశారు. జూలైలో అదే గేటు గుండా లోపలికి వెళ్ళాను. వాచ్‌మన్ మారిపోయాడు.

డబ్బు మొత్తం అప్పుడే రాలేదు. పాత జీతంలో మిగిలిన సగం రెండు వాయిదాల్లో ఇచ్చారు. అవార్డు వచ్చిన ఫిబ్రవరికి, 17-బి జీతం మొదలైన ఆగస్టుకు మధ్య ఉన్న ఆరు నెలలు, 68,400 రూపాయలు, ఎవరి లెక్కలోనూ లేకుండా పోయాయి. అవార్డులోని 60 శాతం ఆ తేదీ వరకే, 17-బి ఆ తరువాతే. దాని కోసం, రావలసిన డబ్బు లెక్క తేల్చమని అడిగే 33-సి(2) సెక్షన్ కింద మళ్ళీ అదే కోర్టులో పిటిషన్ వేయవలసి వచ్చింది. 2023లో అది తేలింది. సర్వీసు కొనసాగింపు అన్న రెండు మాటల విలువ కూడా నాకు అప్పుడే తెలిసింది. గ్రాట్యుటీకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు ఇరవై ఆరు రోజుల చొప్పున లెక్కేస్తారు, ఆ లెక్కలో నా సర్వీసు 2009 నుంచి తెగకుండా నడుస్తుంది.

ఆ పిటిషన్ ముగింపులో, నాకు రావలసినది అంతా ముట్టిందని సంతకం పెట్టమని ఒక మెమో తెచ్చారు. పాత జీతం మీద పీఎఫ్ కట్టిన చలానా చూపిస్తే పెడతానన్నాను. నెలన్నర పట్టింది. చలానా నకలు వచ్చిన రోజు రాత్రి ఫోనులో పాస్‌బుక్ తెరిచి మా ఆవిడకు చూపించాను. 2016 ఆగస్టు నుంచి ఖాళీగా ఉన్న నెలలకు ఎదురుగా అంకెలు పడి ఉన్నాయి. మరునాడు వెళ్ళి మెమో మీద సంతకం పెట్టాను.